వంగని నడుమూ, ఆగని కోటబొమ్మాళి కుర్రాడూ

మా వంశంలో ఇంతవరకూ చెప్పుకోదగ్గ పతనాలు మూడు జరిగాయి. ముత్తాతగారు ఏనుగు మీదినుంచి పడ్డారు. తాతగారు వ్యాజ్యాల్లో పడ్డారు, ఆస్తితో సహా. మూడో పతనం నాది. నేను బాస్కెట్‌బాల్ ఆటలో పడ్డాను. వాళ్లిద్దరూ మామూలుగా కిందికి పడితే నేను నిటారుగా నిలబడే పడ్డాను. వెన్ను నిలబెట్టుకుని, గడ్డం పైకెత్తి, ఒక జట్టునంతా ముంచబోయిన మనిషి ఉత్తరాంధ్ర మొత్తంలో నాకు తెలిసి నేనొక్కణ్నే. ఆ కథ చెబుతాను. నవ్వుకోండి, అడ్డు చెప్పను. ఒకప్పుడు మా ఇంట్లో నవ్వాలంటే చెప్పులు వాకిట్లో విడిచి రావలసి వచ్చేదట. మీరు చెప్పులతోనే నవ్వవచ్చు, రోజులు మారాయి.

ముందు మా సంగతి. గరివిడి దగ్గర మా ఊరు. ఊళ్లో మా ఇంటిని ఇప్పటికీ దివాణమనే పిలుస్తారు. పిలుపు మిగిలింది, దివాణం మిగల్లేదు. ముందు హాలు టెంట్‌హౌస్ అతనికి అద్దెకిచ్చాం. ఒకప్పుడు కౌలుదార్లు చేతులు కట్టుకుని నిలబడిన చోట ఇప్పుడు షామియానా గుడ్డలూ అన్నం గుండిగలూ నిలబడి ఉంటాయి. ఒకసారి తాతగారి సింహాల చేతుల కుర్చీ పొరపాటున ప్లాస్టిక్ కుర్చీలతో కలిసి చీపురుపల్లిలో ఒక పెళ్లికి వెళ్లిపోయింది. దాని మీద పెళ్లికొడుకు బావమరిది కాలు మీద కాలు వేసుకుని ఐస్‌క్రీం తిన్నాడని తెలిసి మా అత్తయ్య ఆ కుర్చీని బిందెల కొద్దీ పసుపునీళ్లతో కడిగించింది.

అత్తయ్య అంటే మా నాన్నగారి అక్క, రాజ్యలక్ష్మి. మా ఇంట్లో రాజ్యం పోయింది, లక్ష్మి పోయింది, అత్తయ్య మిగిలింది. పొందూరు ఖద్దరు చీరకి గంజి పెట్టి కట్టేది. చీర కంటే ఆవిడే బిరుసుగా ఉండేది. "నడుం వంగిందంటే వంశం వంగినట్టే" అన్నది నాకు ఉగ్గుతో కలిపి పోసిన మాట. చేతిలోని తాళాల గుత్తి జారిపడితే ఆవిడ వంగి తీసుకోదు. ఎవరైనా వచ్చేదాకా దాని పక్కనే నిలబడి ఆకాశం వైపు చూస్తుంది. ఒకనాడు ఎవరూ రాక, పొద్దున పడిన గుత్తి దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడింది. ఆ గుత్తిలోని తాళాలకి తలుపులు ఎప్పుడో అమ్ముడైపోయాయన్నది వేరే విషయం.

అలాంటి ఇంట్లో పెరిగిన నేను విజయనగరం డిగ్రీ కాలేజీలో చేరాను. పొడవు మా వంశంలో జప్తు కాకుండా మిగిలిన ఒకే ఒక ఆస్తి. ఆటలు నేర్పే మా పీడీ మాస్టారు మొదటి రోజే నన్ను పాదాల దగ్గర మొదలుపెట్టి పైదాకా చూశారు. చూడటానికి ఆయనకి కాస్త సమయం పట్టింది.

"నీకు బంతెందుకయ్యా," అన్నారు. "గోడలాగ నిలబెట్టి నిన్ను సూపిస్తే సాలు, అవతలోళ్లు ఇంటికెల్లిపోతారు."

నిజంగానే రెండేళ్లలో నేను జిల్లాలో పేరున్న ఆటగాణ్ని అయ్యాను. బంతి బుట్టలో వెయ్యడంలోనూ దిట్టనే. కాని నా పేరు మోగింది డిఫెన్స్‌లో. ఆట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఈ కథంతా దీని మీదే నడుస్తుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఎదుటివాడు బంతి కొట్టుకుంటూ మన బుట్ట వైపు వస్తాడు. మనం వాణ్ని ఆపాలి. ఆపడమంటే పట్టుకోకూడదు, తొయ్యకూడదు. మోకాళ్లు మడిచి, నడుం వంచి, రెండు చేతులూ చాపి వాడి ముందు నిలబడాలి. వాడు కుడికి వెళితే కుడికి, ఎడమకి వెళితే ఎడమకి పీతలా పక్కకి జరగాలి. అంతే. నేను అలా వంగి చేతులు చాపానంటే టోల్‌గేటు దగ్గర లారీ తప్పించుకోవచ్చు గాని నా దగ్గర మనిషి తప్పించుకోలేడు. ఆ భంగిమలో తప్పేమిటో అప్పటికి నాకు తెలియదు. తెలియజెప్పేవాళ్లు ఇంకా మైదానానికి రాలేదు.

మా జట్టు కెప్టెన్ నూకరాజు. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున పల్లె వాడిది. తండ్రీ అన్నా ఏడాదిలో చాలా నెలలు గుజరాత్‌లో వేరావల్ పడవల మీద చేపల వేటలో ఉండేవారు. డిగ్రీ అయ్యేలోగా దారి దొరక్కపోతే వాడూ ఆ పడవ ఎక్కాలని ఇంట్లో తీర్మానం. వాడికి కనిపించిన దారి ఒక్కటే. ఆ ఏడాది కాలేజీల మధ్య పోటీల్లో ఫైనల్ గెలిచిన జట్టులోంచి ఎక్కువమందిని యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటారు. అందులో చోటు దొరికితే పోలీసు ఉద్యోగానికి ఆటగాళ్ల కోటాలో ప్రయత్నించవచ్చు.

"ఒరే బాబూ," అన్నాడు నూకరాజు పోటీలకి ముందు. 'బాబుగారు'లోని 'గారు' కాలేజీ గేటు దగ్గర రాలిపోగా మిగిలిన పేరు అది. "గెలిస్తే నీకు కప్పు. ఓడితే నీకేటీ పోదు. నాకు గెలిస్తే ఖాకీ సొక్కా, ఓడితే వేరావల్ పడవ. గుర్తెట్టుకో."

"మా వంశంలో మాట ఇస్తే తప్పం," అన్నాను గంభీరంగా.

"మీ వంశం సంగతి ఒగ్గెయ్. అవతలి జట్టు గుంటల్ని ఆపు, సాలు."

మొదటి మ్యాచ్‌కి నేను చేసిన ఘనకార్యం, అత్తయ్యని పిలవడం. అప్పటికే పేపర్లో నా ఫోటో ఒకటి పడింది, ఇక నా ఆట ఆవిడ కళ్లారా చూడాలని నా కోరిక. ఆవిడ ఆటోలో వచ్చింది. సింహాల కుర్చీ వెనకాల ఇంకో ఆటోలో వచ్చింది. సిమెంటు మెట్ల మీద పిల్లలందరూ కూర్చుంటే మా అత్తయ్య వాళ్ల మధ్య ఆ కుర్చీలో దర్బారు తీర్చింది. ఆట మొదలైంది. పార్వతీపురం కుర్రాడు ఒకడు బంతితో వచ్చాడు. నేను యథాప్రకారం మోకాళ్లు మడిచి, నడుం వంచి, చేతులు చాపాను.

"ఒరేయ్! లే!" అని మెట్ల మీదినుంచి కేక వినిపించింది. "లే పైకి! ఎవడ్రా ఆ పిల్లాడు? వాడి ముందు నువ్వు చేతులు చాపడమేమిటి!"

మైదానమంతా అటు తిరిగింది. రిఫరీ కూడా విజిల్ వెయ్యబోయి ఆగి, ఇది ఏ ఫౌల్ కిందికి వస్తుందో అన్నట్టు చూశాడు. ఆ మ్యాచ్ ఎలాగో గెలిచాం. ఇంటికి వెళ్లాక అసలు విచారణ మొదలైంది.

"ఆ పిల్లాడికి మనమేం అపకారం చేశాం?"

"ఏమీ చెయ్యలేదత్తయ్యా."

"మరి వాడి ముందు దేబిరించావెందుకు?"

"అది డిఫెన్స్ అత్తయ్యా. అలా నిలబడితేనే మనిషి ఆగుతాడు."

అత్తయ్య నవ్వింది. ఆవిడ నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. "పంట పోయిన ఏడు మన వాకిట్లో రైతులు అచ్చం అలాగే నిలబడేవారు. నా చిన్నప్పుడు మేడ మీదినుంచి చూసేదాన్ని. ఇదిగో, ఇలా." తలుపు వేసి రమ్మని, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, వంశ గౌరవం కోసం వంశాన్నే ఒక్క క్షణం వంచి చూపించింది. మోకాళ్లు మడిచి, నడుం వంచి, రెండు అరచేతులూ పైకి తెరిచి. ఏం చెప్పమంటారు! మా పీడీ మాస్టారు రెండేళ్లు నేర్పినదాని కంటే ఆ భంగిమ శుద్ధంగా ఉంది.

"అలా నిలబడితే తాతగారు ఆగేవారా?" అని అడిగాను.

"ఎక్కడాగారు? పక్కనుంచి వెళ్లిపోయేవారు. అలా నిలబడి ఎవరూ ఎవర్నీ ఆపలేదురా. నాకు తెలుసు."

ఇంత చదువుకున్నవాణ్ని, ఆ మాట నమ్మేశాను. పైగా నిజం చెప్పొద్దూ, గుండెలో ములుకు దిగింది. ఇన్నాళ్లూ నేను ఆడుతున్నది ఆట కాదు, జిల్లాలోని ప్రతి కాలేజీ కుర్రాడి ముందూ చేతులు చాపి నిలబడుతున్నాను! ఆ సాయంత్రమే కుర్చీ ముందు నిలబడి శపథం చేశాను. ఇకపై నడుం వంగదు. చెయ్యి చాపను. ఆపాల్సి వస్తే చూపుతో ఆపుతాను. మా ముత్తాతగారు చూపుతో ఏనుగునే ఆపేవారట. పడిన రోజున కళ్లకి నిద్రమబ్బు ఉందని ఇంట్లో చెప్పుకునేవారు.

పట్టుదలలో మాకు లోటు లేదు. తరవాతి మ్యాచ్‌లో నేను నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, బంతితో వచ్చేవాడి వైపు తీక్షణంగా చూశాను. వాడు నా చూపుని గౌరవిస్తూనే నా పక్కనుంచి వెళ్లి బంతి బుట్టలో వేసి వచ్చాడు. మళ్లీ చూశాను. మళ్లీ వేశాడు. నన్ను దాటి వెళ్లడం ఎంత సులువైందంటే, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో స్తంభాన్ని దాటడానికైనా జనం కాస్త ఒళ్లు తిప్పుతారు, నా దగ్గర అదీ అక్కర్లేకపోయింది. ముందు బుట్టలో నేను వేసినన్ని వెనక బుట్టలో నేను కాపలా కాయాల్సినవాడు వేసేవాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు ముందు బుట్ట, వెనక బుట్ట.

జిల్లాలో పేరున్న డిఫెండర్ ఒక్కసారిగా ఇలా అయిపోతే ఊరుకుంటారా? మీటింగు పెట్టారు.

"మోకాళ్లా?" అన్నారు మాస్టారు.

నిజం చెప్పలేను కదా. "అవునండీ, మోకాళ్లే" అన్నాను.

అది విన్న నూకరాజు నన్ను వాళ్ల పల్లెకి లాక్కెళ్లి వాళ్ల మావకి అప్పగించాడు. ఆయన ఏదో చేపనూనె పెట్టి మోకాళ్లు మర్దనా చేశాడు. ఆ కంపు రెండు రోజుల దాకా సబ్బుకి లొంగలేదు. ఆ రెండు రోజులూ నా డిఫెన్స్ మెరుగుపడిన మాట వాస్తవం. నా దరిదాపులకి ఎవడూ రాలేదు. మా జట్టువాళ్లు కూడా రాలేదు. కంపు పోయాక ఆట మళ్లీ మొదటికొచ్చింది.

"అయితే కళ్లు," అన్నారు మాస్టారు. కళ్ల డాక్టరు చూసి, ఇంత మంచి చూపు తాను ఈ మధ్య చూడలేదన్నాడు.

"అయితే ఎవురో గుంట," అన్నాడు నూకరాజు. "ఎవుతిరా? బీకామా, బీయస్సీయా?"

"ఎవరూ లేరు."

"నేకపోతే మనిషి పక్కనుంచి ఎలిపోతంటే అల్లగ ఆకాశం సూస్తావేటి?"

చివరికి మాస్టారు తన అనుభవమంతా కూడగట్టి తేల్చారు. "ఇది పెద్ద ఆటగాళ్లకొచ్చే జబ్బేనర్రా. ముందర పాయింట్లు కొట్టడానికి ఒళ్లంతా ఊడ్చేస్తాడు, ఎనక్కొచ్చేసరికి ఊపిరుండదు. కొడితే సప్పట్లు, ఆపితే సప్పట్లు నేవు. మరెందుకాపుతాడు? పేపర్లో బొమ్మ పడ్డాక ఆపడం నామోషీ."

నామోషీ అన్నచోట ఆయన సరిగ్గా గురి మీద కొట్టారు. కాకపోతే అది ఏ రకం నామోషీయో ఆయనకి తెలియదు. మందు కింద నన్ను పాయింట్లు కొట్టడం తగ్గించమన్నారు. దాంతో ముందు బుట్ట కూడా ఖాళీ అయింది. వెనక బుట్ట మాత్రం పెళ్లి గుండిగలా నిండుతూనే ఉంది.

సెమీఫైనల్ గెలిచాం. గెలిచామనడం మర్యాద కోసం. నా మనిషినీ తన మనిషినీ ఇద్దర్నీ నూకరాజే కాశాడు. అటూ ఇటూ పరిగెత్తి పరిగెత్తి, ఇంకొక్క ఫౌల్ చేస్తే బయటికి పోయే స్థితిలో ఆట ముగించాడు. అయ్యాక కుళాయి దగ్గర తల తడుపుకుంటూ నా వైపు చూశాడు. ఆ చూపులో చేపనూనె నాటి జాలి లేదు.

"ఇప్పుడు సెప్పు. మోకాలు కాదు. కళ్లు కాదు. గుంట కాదు. మరేటి?"

చెప్పేశాను. అత్తయ్యా, వాకిలీ, చాపిన చేతులూ, శపథమూ. చెబుతున్నంతసేపూ నాకే అది మహా గంభీరంగా ఉంది. వాడు మాత్రం మధ్యలోనే కుళాయి కట్టేసి, తడి తలతో అలాగే నిలబడిపోయాడు.

"అంటే నీ నడుం బాగానే ఉన్నాది."

"ఉంది."

"వంగుతాది."

"వంగుతుంది. కాని వంచను."

"ఓర్నాయనో!" అన్నాడు. "మా నాన నడుం వంచకపోతే వల పైకొస్తాదేటిరా? మాయమ్మ నడుం వంచకపోతే గంప నెత్తికెక్కుతాదా? మావోళ్లు పుట్టింది మొదలు వంగే ఉన్నారు. ఒక్కరోజు, ఒక్క గంట, నువ్వు వంగలేవు! నీ నడుంలో ఏటుందిరా, గరివిడి ఫ్యాక్టరీలో పోసిన ఇనప కడ్డీయా?"

"నీకు అర్థం కాదు నూకరాజూ. ఇది పరువు."

"నాకు బాగానే అర్తమైంది. నీ పరువు నిలబడితే నాను పడవెక్కుతాను. అంతే కదా? సరే, నిలబెట్టుకో." తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లని ఎదుర్కోవడం మా ఇంట్లో నేర్పారు. ఇది నేర్పలేదు.

ఫైనల్ శ్రీకాకుళంలో. అవతలి జట్టులో గొప్పవాడు రమేష్ అని కోటబొమ్మాళి కుర్రాడు. బంతి చేతిలో పడితే కట్లు తెంచుకున్న దూడే. వాణ్ని ఆపాల్సింది నేను. బయలుదేరే ముందు అత్తయ్య ఇంకో సమాచారం అందించింది.

"ఆ కుర్రాడెవరో తెలుసా? మన కౌలుదారు సింహాచలం మనవడు. వాళ్లు మన ఊరు వదిలి కోటబొమ్మాళి వెళ్లి బాగుపడ్డారట, వాడి తండ్రి వడ్ల వ్యాపారం చేస్తున్నాడట. ఆ సింహాచలం నిలబడినట్టు నువ్వు వాడి మనవడి ముందు నిలబడతావా? నేను వచ్చి చూస్తాను."

అన్నట్టే వచ్చింది. కుర్చీ కూడా వచ్చింది.

నేను రాజీ మార్గం ఒకటి ఆలోచించి పెట్టుకున్నాను. మోకాళ్లు మడుస్తాను, నడుం మాత్రం వంచను. అంటే, కనిపించని సింహాసనం మీద కూర్చున్నట్టు. ఇక చేతులు. అరచేతులు పైకి ఉంటే కదా అడుక్కోవడం? కిందికి తిప్పేస్తే ఆశీర్వదించడమవుతుంది! ఇంత చక్కటి ఉపాయం మా వంశంలో ఇంకో తరం ముందే ఎవరికైనా తట్టి ఉంటే ఆస్తి మిగిలేదనుకున్నాను. మొదటి సగమంతా నేను లేని సింహాసనం మీద కూర్చుని కోటబొమ్మాళి కుర్రాణ్ని ఆశీర్వదించాను. వాడు ఆ ఆశీర్వాదం కింది నుంచే తల వంచుకుని దూరి వెళ్లి పాయింట్లు కొట్టుకున్నాడు. ఆశీస్సులు ఇంత త్వరగా ఫలించడం నేనెక్కడా చూడలేదు.

"ఆయనెవురురా, ఆరతి పడతన్నట్టు ఆడతన్నాడు?" అని మెట్ల మీద ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అత్తయ్య మాత్రం తృప్తిగా తల ఊపింది.

విరామంలో నూకరాజు నా పక్కన కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"బాబూ, నానకి ఫోన్ సెయ్యమంటావా? పడవలో ఒక సోటు ఉంచమంటాను. బేగి సెప్తే మంచి పడవ దొరుకుతాది."

లేచాను. లేచానంటే లేచి వంగడానికి నిశ్చయించుకున్నాను. శపథం ఒకసారి పడితే వదలని జాతి మాది. దానికి విరుగుడు ఇంకా గట్టి శపథం. నూకరాజుని పడవ ఎక్కనివ్వను. ఇదే నా కొత్త శపథం.

నిశ్చయం తేలికే, నడుమే బరువు. రెండో సగం మొదలయ్యాక కాస్త వంగానో లేదో, మెట్ల మీదినుంచి అత్తయ్య దగ్గు వినిపించింది. ఆ దగ్గు జలుబుది కాదు. చటుక్కున లేచాను. కుర్రాడు వెళ్లిపోయాడు. మళ్లీ ఇంకాస్త వంగాను. మళ్లీ దగ్గు. ఈసారి లేవలేదు, చెమట మాత్రం పట్టింది. ఒక్కో అంగుళం కిందికి దిగుతుంటే ఒక్కో తరం నా వీపు మీద ఎక్కి కూర్చున్నట్టుంది. అయినా దిగాను. తాతగారి దాకా దిగాను. ముత్తాతగారి దగ్గర కాస్త ఇరుక్కున్నాను. ఈలోగా నూకరాజు ఒళ్లు హూనం చేసుకుని పాయింట్లు కలిపాడు, నేనూ కొన్ని వేశాను. ఆట ఆఖరికి వచ్చేసరికి మేము ఒక్క పాయింటు ముందున్నాం. బంతి వాళ్ల చేతిలో ఉంది. అంటే ఎవరి చేతిలోనో మీకు చెప్పక్కర్లేదు.

కోటబొమ్మాళి కుర్రాడు బంతి కొట్టుకుంటూ వస్తున్నాడు. వాడికీ బుట్టకీ మధ్య నేనొక్కణ్నే. నూకరాజు అవతలి మూల ఇంకొకణ్ని కాస్తూ, మెడ తిప్పి నా వైపే చూస్తున్నాడు.

వంగాను. పూర్తిగా. మోకాళ్లు మడిచి, నడుం వంచి, తల దించి, రెండు చేతులూ బార్లా చాపి, అరచేతులు పైకి తెరిచి. పంట పోయిన ఏడు రైతు ఎలా నిలబడతాడో అచ్చం అలాగే.

ఒకేసారి రెండు కేకలు లేచాయి.

"లే బాబూ! లేవరా!" ఇది అత్తయ్య.

"ఒరే ఒరే! ఆగరా! ఆ బాబుని దాటి ఎల్లకు, ఆగు!" ఇది అవతలి మెట్ల మీదినుంచి, తెల్ల చొక్కా ఆయనెవరో లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ.

నేను లేవలేదు. ఆ కుర్రాడు మాత్రం ఆగాడు. ఏనుగు ముందు ఆగినట్టు ఆగి, అదిరిపడి మెట్ల వైపు చూశాడు. చేతి కిందినుంచి బంతి జారింది. జారి, ఒక్క గెంతు గెంతి, తిన్నగా వచ్చి చాపి ఉన్న నా రెండు అరచేతుల్లో పడింది.

జీవితంలో మొదటిసారి మనసారా చెయ్యి చాపాను. చాపగానే పడింది.

విజిల్ మోగింది. ఆట అయిపోయింది. నూకరాజు నా మీద పడ్డాడు, వాడి మీద జట్టు పడింది, అందరి మీదా మాస్టారు పడ్డారు. ఈ గుట్ట కిందినుంచి నేను బయటికి వచ్చేసరికి ఆ తెల్ల చొక్కా ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. కోటబొమ్మాళి కుర్రాడి తండ్రి, సత్యం.

"తప్పైపోనాది బాబూ, ఆట మద్దెన అరిసేసినాను," అన్నాడు. "నా సిన్నప్పుడు మా నాన మీ వాకిట్లో అల్లగే నిలబడ్డాడు. నాను ఆయన పంచె పట్టుకునున్నాను. మీ తాతగారు పక్కనుంచి ఎలిపోనారు. ఇప్పుడు మావోడు మిమ్మల్ని అల్లగే దాటి ఎలిపోతన్నాడు. నోరు ఊరుకోలేదు."

నా వెనక గంజి చీర చప్పుడైంది. అత్తయ్య వచ్చి నిలబడి ఉంది. కసురుతుందనుకున్నాను. ఆవిడ ఆయన ముఖం వైపు చూసి, "అలసిపోయినట్టున్నావు. కూర్చో, సత్యం" అంది. ఆ సింహాల కుర్చీలో. సత్యం కూర్చోలేదు గాని, ఆవిడ ఎవరినైనా ఆ కుర్చీలో కూర్చోమనడం నేను విన్నది ఆ ఒక్కసారే.

నాకు మాత్రం గుండె ఉప్పొంగింది. చూశారా, రాజ్యం పోయినా మా దివాణం మీద గౌరవం ఎదుటి జట్టు కుర్రాడి నరనరానా ఉంది కాబట్టే కదా వాడు ఆగాడు! వాడి భుజం తట్టి, "మా మీద ఇంత గౌరవం ఉంచావు, సంతోషం" అన్నాను.

వాడు ఏడుపు ముఖంతో తండ్రి వైపు తిరిగాడు. "నానా, ఈయనెవురు?"

"దివాణం బాబుగారురా."

"ఏ దివాణం?"

"మరి నువ్వెందుకు ఆగావు?" అన్నాను నేను.

"మా నాన ఆగమంటే ఆగకపోతే ఇంటికెల్లాక ఊరుకుంటాడేటండీ?"

అదీ సంగతి. పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. వాడు వాళ్ల పెద్దల మాట విన్నాడు, ఫైనల్ ఓడాడు. నేను మా పెద్దల మాట వినలేదు, గెలిచాను. ఈ సామెత ఇక మీదట పిల్లలకి చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త.

యూనివర్సిటీ జట్టు పేర్లు వచ్చాయి. నూకరాజు ఉన్నాడు. ఇప్పుడు వాడు ఖాకీ చొక్కాలోనే ఉన్నాడు, ముందుకి పొడుచుకొచ్చిన పొట్టతో సహా. ఓడిన కోటబొమ్మాళి కుర్రాడు కూడా ఆ పేర్లలో ఉన్నాడు. మా జట్టులో ఆడకుండా బల్ల మీద కూర్చున్నవాళ్లలో కూడా ఒకడున్నాడు. నేను లేను.

"సెలక్టర్లు ఏమన్నారండీ?" అని మాస్టార్ని అడిగాను.

"ఆటగాడు మంచోడే గాని డిఫెన్స్ పడిపోయిందన్నారు."

"ఎందుకు పడిపోయిందో అడగలేదా?"

"అడిగారు. నాకేం తెల్సు? మోకాళ్లూ, కళ్లూ, ప్రేమా, మూడూ సెప్పినాను. మూడూ ఉన్నోడు మాకొద్దన్నారు."

కనుక పాఠకులారా, ఇందుమూలముగా లోకమంతటికీ తెలియజేస్తున్నాను. ఇకపై నా ఎదుటికి బంతి పట్టుకుని ఎవడు వచ్చినా వాడి తాత ఎవరని అడగను, నా తాత ఎవరని చెప్పను. ముందు వంగుతాను, వంశం సంగతి తీరిక దొరికినప్పుడు చూసుకుంటాను. ఈ మాట తప్పను. కాకపోతే ఈ శపథం మాత్రం నిటారుగా నిలబడే చేశాను. దీనికి కూడా వంగమంటే నా వల్ల కాదు.